చినవాల్తేరు దారి: విశాఖలో మనోవైద్యుని అన్వేషణ

కొన్ని ఊళ్ళ పేర్లు చెవిని పడగానే ఒక్కొక్క వస్తువు మనస్సుకు తోస్తుంది. కొండపల్లి అనగానే బొమ్మలు, ఉప్పాడ అనగానే చీరలు, బందరు అనగానే లడ్డు. విశాఖపట్టణం అనగానే రేవు, ఓడలు, ఉక్కు కర్మాగారం. కాని చుట్టుపట్ల పల్లెల్లో ఒకరు మరొకరిని చూచి ‘వీణ్ణి విశాఖపట్నం పంపించాలి’ అన్నప్పుడు ఓడ ఎక్కించాలని కాని, కొలువులో పెట్టించాలని కాని అర్థం కాదు. హైదరాబాదు వారి నోట ఎర్రగడ్డ, చెన్నపట్నం వారి నోట కీల్పాక్కం ఏ అర్థంలో వస్తాయో ఆ అర్థమే. పరిహాసం క్రింద చెల్లిపోయే ఈ మాట వెనుక నూటయాభై యేళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది. నిద్రపట్టక, దిగులు వదలక బాధపడే మనిషి ఈ పట్టణంలో ఎవరి దగ్గరకు వెళ్ళాలో తెలియక ఇంట్లోనే నిలిచిపోవడానికి సగం కారణం ఆ పరిహాసమే.

‘మనసు బాగులేదు, ఎవరి దగ్గరకు వెళ్ళను?’ అనే ప్రశ్న మనకు సహజంగానే వినిపిస్తుంది. చరిత్ర దృష్టితో చూస్తే మాత్రం ఇది చాల కొత్త ప్రశ్న. ఇందులో కర్త రోగి. వెళ్ళేది అతడు, వైద్యుణ్ణి ఎంచుకునేది అతడు. అంతకు పూర్వం చిరకాలం వినబడిన ప్రశ్న వేరు: ఇతణ్ణి ఎవరు తీసుకుపోవాలి, అందుకు ఎవరి ఉత్తరువు కావాలి? ఆ వాక్యంలో రోగి కర్మ మాత్రమే. ఈ వ్యాకరణం మారిన తీరే ఇక్కడ చెప్పదలచిన కథ.

మన పూర్వులకు మనోవ్యాధి తెలియదని కాదు. చరకసంహితలో ఉన్మాదానికి ప్రత్యేకమైన నిదానం, ప్రత్యేకమైన చికిత్స ఉన్నవి. వాతం వల్ల, పిత్తం వల్ల, కఫం వల్ల, మూడూ కలిసిన సన్నిపాతం వల్ల, బయటినుండి సోకిన ఆగంతు కారణం వల్ల అని ఉన్మాదాన్ని ఐదు విధాలుగా విభజించారు. చికిత్సను మూడు తెగలు చేసి, మంత్రం, హోమం మొదలైనవి దైవవ్యపాశ్రయమనీ, ఆహారౌషధాలు యుక్తివ్యపాశ్రయమనీ, మనస్సును అహితమైన విషయాలనుండి మరల్చి నిలపడం సత్త్వావజయమనీ చెప్పారు. ఈ మూడవదానిని చదివినప్పుడు ఈనాటి మాటల చికిత్సకు ముత్తాత వరస కాబోలు అనిపిస్తుంది. అయితే గ్రంథంలో ఉండడం వేరు, గ్రామంలో దొరకడం వేరు. గ్రామంలో దొరికినవాడు భూతవైద్యుడు. గురజాడవారి కన్యాశుల్కంలో పూజారి గవరయ్య దయ్యాన్ని సీసాలో బిగించానని నమ్మించిన ఘట్టం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ నాటకం మొదటిసారి ప్రదర్శితమైనది 1892లో. అప్పటికే, విజయనగరానికి నలభై మైళ్ళ లోపున, వాల్తేరులో సర్కారువారి పిచ్చాసుపత్రి ఇరవైయేళ్ళుగా నడుస్తున్నది. ప్రజలు సీసాను నమ్మారు, ఆస్పత్రికి భయపడ్డారు. అందుకు వారిని తప్పుపట్టడం న్యాయం కాదని ఆ ఆస్పత్రి పుట్టుక చూస్తే తెలుస్తుంది.

మద్రాసులో కుంఫిణీ వైద్యుడు వాలెంటైన్ కొనోలీ మతిచలించినవారికోసం ఒక గృహం ఏర్పాటుచేసినది పద్దెనిమిదవ శతాబ్దం చివర, 1790 తరువాతి యేళ్ళలో. అది ఎక్కువగా కుంఫిణీ కొలువులో ఉన్నవారికి పనికివచ్చినదే గాని గంజాము రైతుకో, గోదావరి నేతగాడికో కాదు. 1857 కల్లోలం తరువాత పరిపాలన రాణిగారి చేతికి పోయిన వెంటనే, 1858లో, దొరతనంవారు మతిచలించినవారిని గురించి ఒక్కసారిగా మూడు చట్టాలు చేశారు. ఒకటి ప్రెసిడెన్సీ పట్టణాలలో వారి ఆస్తుల విచారణకు, ఒకటి జిల్లాలలో వారి ఆస్తుల విచారణకు, మూడవది వారిని ఉంచే ఆశ్రమాలకు. మూడింట రెండు ఆస్తులను గురించినవే కావడం గమనించదగిన సంగతి. ఆ మూడవ చట్టం ఫలితంగానే రాజధాని నలుమూలలా కొత్త భవనాలు లేచాయి. 1871లో మద్రాసు ఆశ్రమం కీల్పాక్కం ఆవరణకు మారింది. ఆ సంవత్సరమే వాల్తేరులోను, తిరుచిరాపల్లిలోను కొత్త ఆశ్రమాలు తెరిచారు. మరుసటి సంవత్సరం కళ్ళికోటలో మరొకటి వెలిసింది. తెలుగు జిల్లాలలో ఉత్తర భాగానికి వాల్తేరే దిక్కయింది.

1858 నాటి చట్టం పనిచేసిన విధానం తెలుసుకుంటే ప్రజల భయం అర్థమవుతుంది. వీధిలో తిరుగుతున్న మతిచలించిన మనిషిని, లేక అపాయకరుడని తోచిన మనిషిని, పోలీసు అధికారి పట్టుకుని మెజిస్ట్రేటు ఎదుట నిలబెట్టాలి. మెజిస్ట్రేటు ఒక వైద్యాధికారి సాయంతో పరీక్షించి, నమ్మకం కుదిరితే ఆశ్రమానికి పంపుతూ ఉత్తరువు వ్రాయాలి. బంధువో మిత్రుడో పూచీ వ్రాసి ఇస్తే అప్పగించవచ్చును. లోపలికి వెళ్ళినవారిని పరిశీలించడానికి, విడుదల చేయడానికి విజిటర్లు అనే పెద్దమనుష్యులు ఉండేవారు. ఇంత ఏర్పాటులోనూ రోగి నోరు తెరిచి ‘నాకు చికిత్స కావాలి’ అనే చోటు ఎక్కడా లేదు. దొంగను తీసుకుపోయే దారినే వెర్రివాణ్ణీ తీసుకుపోయారు. అదే ఠాణా, అదే కచేరీ, అదే జవాను. ఒక యింటి మనిషిని పోలీసుల వెంట పంపడం కంటె గొలుసు వేసి పెరట్లో ఉంచుకోవడమే పరువనుకున్న కుటుంబాలు ఉంటే ఆశ్చర్యపడవలసినది లేదు.

దూరం కూడ తక్కువది కాదు. తూర్పు తీరపు రైలుమార్గం వాల్తేరుకు వచ్చినది 1890 తరువాతనే. గోదావరిమీద వంతెన పూర్తయి మద్రాసు వరకు బండ్లు నడిచేసరికి శతాబ్దం ముగింపుకు వచ్చింది. అంతవరకు ఎడ్లబండో, తీరం వెంబడి ఓడో, కాలినడకో శరణ్యం. అప్పటి వాల్తేరు అంటే పట్టణానికి ఉత్తరాన ఎర్రమట్టి మెరక, తాటితోపులు, దొరల బంగళాలు, ఎదుట సముద్రం. గాలి ఆరోగ్యకరమని పేరున్న చోటే. కాని జనవాసానికి దూరంగా ఉండాలనే తలంపు కూడ ఆ ఎంపికలో ఉండకపోలేదు. తరువాత పట్టణం పెరిగి ఆస్పత్రిని చుట్టుకున్నది. ఇప్పుడు చినవాల్తేరులో ఆ ప్రహరీ ప్రక్కనుండి విశ్వవిద్యాలయం విద్యార్థులు, ఆఫీసు ఉద్యోగులు నిత్యం నడచిపోతారు. స్థలం దూరం పోయింది, మనస్సుకు దూరం పోలేదు.

వ్యాకరణంలో మొదటి మార్పు 1912లో వచ్చింది. ఆ సంవత్సరం చేసిన భారతీయ ఉన్మాద చట్టం చాలవరకు పాత పద్ధతినే విస్తరించినది: అర్జీ, రెండు వైద్య ధ్రువపత్రాలు, మెజిస్ట్రేటు ఉత్తరువు. అయితే దాని తొలి సెక్షన్లలోనే ఒక చిన్న కిటికీ ఉన్నది. తానై చికిత్సకు లోబడగోరిన వ్యక్తిని, ఇద్దరు విజిటర్ల సమ్మతితో, బసదారుగా చేర్చుకోవచ్చును. అటువంటివాడు బయటికి పోతానని వ్రాతమూలకంగా తెలిపితే ఇరవైనాలుగు గంటలకు మించి అతణ్ణి ఉంచరాదు. ఇంగ్లీషు చట్టంనుండి తెచ్చుకున్న ఏర్పాటిది. దీనిని మన ప్రాంతంలో ఎందరు వినియోగించుకున్నా, కాకున్నా, రోగి తన కాళ్ళమీద నడచి ఆస్పత్రికి రావచ్చునని ఈ దేశపు చట్టం ఒప్పుకున్నది అప్పుడే. 1858 చట్టం పోలీసుకు చెప్పిన మాట, 1912 చట్టం ఒక మూల రోగికి కూడ చెప్పింది.

తరువాతి పదేళ్ళలో పేరు మారింది. 1920 ప్రాంతంలో దేశమంతటా ‘లూనటిక్ అసైలం’ అనే పేరు తీసివేసి ‘మెంటల్ హాస్పిటల్’ అని పెట్టారు. పేరు మార్చితే రోగం మారుతుందా అని నవ్వినవారు ఉండి ఉంటారు. కాని ఆశ్రయం అనడం వేరు, ఆస్పత్రి అనడం వేరు. ఆస్పత్రి అన్న తరువాత నయంచేసి పంపవలసిన బాధ్యత ఒకటి మెడకు తగులుకుంటుంది. విశాఖలో ఆ బాధ్యతను మోయడానికి మరొక సదుపాయం కలిసివచ్చింది. 1923 జూలైలో వైద్య కళాశాల ప్రారంభమైంది. ఆ నెలలోనే కింగ్ జార్జి ఆస్పత్రిని అప్పటి మద్రాసు ప్రధానమంత్రి, పానగల్లు రాజా రామరాయనింగారు ప్రారంభించారు. 1940లో ఆంధ్ర వైద్య కళాశాల అని పేరు పొందిన ఆ విద్యాలయానికి చినవాల్తేరు ఆస్పత్రి మనోవైద్య బోధనాలయం అయింది. డాక్టరు కాబోయే తెలుగు యువకుడు మతిచలించిన మనిషిని ఖైదీగా కాక రోగిగా చూడడం నేర్చుకునే చోటు ఒకటి ఏర్పడడం చిన్న సంగతి కాదు.

ఔషధాల చరిత్రను ఇక్కడ విస్తరించను. ఒక్క ముచ్చట మాత్రం చెప్పక తప్పదు. 1931లో గణనాథ సేన్, కార్తిక చంద్ర బోస్ అనే ఇద్దరు కలకత్తా పండితులు మన సర్పగంధి వేరు ఉన్మాదానికీ రక్తపుపోటుకూ పనిచేస్తున్నదని వ్రాశారు. ప్రపంచం పట్టించుకోవడానికి ఇరవైయేళ్ళు పట్టింది. 1952లో స్విట్జర్లాండు రసాయనవేత్తలు దానినుండి రిసర్పిన్ తీశారు. సరిగ్గా ఆ యేడే పారిస్‌లో క్లోర్‌ప్రోమజీన్ అనే మందు మానసిక రోగులకు వాడనారంభించారు. 1938లో ఇటలీలో పుట్టిన విద్యుచ్చికిత్స అంతకు ముందే ఆస్పత్రులలో ప్రవేశించింది. మందులు వచ్చిన తరువాత ఏళ్ళతరబడి లోపల ఉండవలసిన రోగి నెలలలో ఇల్లు చేరే అవకాశం కలిగింది. ఇంటివారు తిరిగి చేర్చుకుంటే.

ఆ ‘చేర్చుకుంటే’ అన్నచోటనే మన దేశపు వైద్యులు ప్రపంచానికి ఒక పాఠం చెప్పారు. 1950 తరువాతి సంవత్సరాలలో అమృతసర్ మానసిక ఆస్పత్రిలో డాక్టరు విద్యాసాగర్ రోగి బంధువులను ఆవరణలోనే గుడారాలు వేయించి ఉంచి, చికిత్సలో భాగస్వాములను చేశారు. 1957లో ప్రారంభమైన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల మానసిక కేంద్రంలో కూడ రోగితోపాటు ఇంటి మనిషి ఉండాలనే నియమం పెట్టారు. చిత్తూరు, నెల్లూరు జిల్లాలనుండి వేలూరు వెళ్ళే తెలుగువారికి ఈ పద్ధతి పరిచితమే. మనవాళ్ళకు ‘తోడు’ లేని వైద్యం వైద్యం కాదు. పురిటికి తోడు, జ్వరానికి తోడు, కోర్టుకు తోడు. మనసుకు మాత్రం తోడు లేకుండా పంపివేయడం పరాయి పద్ధతి. అయితే తోడు వచ్చినవారే మాట్లాడి రోగిని మాట్లాడనివ్వకపోవడం మన పద్ధతిలోని లోపం. దీనిని గురించి మళ్ళీ చెప్పవలసి వస్తుంది.

ఇంతవరకు చెప్పినది మతి పూర్తిగా చలించినవారి సంగతి. వారికంటె ఎన్నోరెట్లు ఎక్కువమంది బయట ఉన్నారు. నిద్ర రాదు, గుండె దడ, తలనొప్పి, ఆకలి లేదు, దేనిమీదా ఆసక్తి లేదు. తెలుగులో దీనికి ఎంత చక్కని మాట ఉన్నది: బెంగ. ‘బెంగ పెట్టుకున్నాడు’ అంటే ముసలమ్మ చెప్పిన రోగనిర్ణయం అది, అందులో కారణం వెదికే చూపు కూడ ఉన్నది. ఆ చూపును వదలుకుని మనం నేర్చుకున్న కొత్త మాట ‘నరాల బలహీనత’. విశాఖలోనే కాదు, తెలుగుదేశమంతటా మానసిక వైద్యునికి జనం పెట్టిన పేరు ‘నరాల డాక్టరు’. నరం అంటే శరీరంలోనిది, అందులో అవమానం లేదు. పిల్ల పెళ్ళికి అడ్డం రాదు. ఈ పేరు వైద్యశాస్త్రానికి తప్పే కావచ్చును, ఎందరినో వైద్యుని గడప ఎక్కించిన తప్పు ఇది. దీనిని చూచి నవ్వడానికి నాకు మనసొప్పదు.

గడప ఎక్కలేనివారు ఉత్తరాలు వ్రాశారు. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారు నడిపిన ‘ప్రమదావనం’ 1950 ప్రాంతాలలో మొదలై దాదాపు అర్ధశతాబ్దం సాగింది. వంటలు, అల్లికలు ఉన్న ఆ శీర్షికకే అత్తవారింటి బాధలు, చెప్పుకోలేని భయాలు ఉత్తరాలుగా వచ్చేవి. ఆమె వైద్యురాలు కాదు, కాననుకోనూలేదు. కాని వినే మనిషి ఒకరున్నారని తెలియడంతో ఒక తరం తెలుగు స్త్రీలు కలం పట్టారు. మనోవైద్యుని కోసం అన్వేషణ అనే అధ్యాయాన్ని ఆస్పత్రి రికార్డులతోనే వ్రాస్తే ఈ ఉత్తరాలు జారిపోతాయి. అందుకని ఇక్కడ చేర్చుతున్నాను.

మాటలతో చేసే చికిత్స శాస్త్రంగా భారతదేశానికి వచ్చినది కలకత్తా దారిన. గిరీంద్రశేఖర బోస్ 1922లో అక్కడ మనోవిశ్లేషణ సంఘం స్థాపించారు. 1933లో సాధారణ ఆస్పత్రిలోనే మనోరోగులకు బయటి విభాగం తెరిచినదీ ఆ నగరంలోనే. 1954లో బెంగుళూరులో అఖిల భారత మానసికారోగ్య సంస్థ వెలసి, 1974లో నిమ్‌హాన్స్‌గా మారి, దక్షిణాది వైద్యులకు, మనస్తత్వవేత్తలకు గురుపీఠమైంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1960 తరువాతి దశకంలో ఒక విచిత్రమైన శాఖను తెరిచింది. మనస్తత్వశాస్త్రంతోపాటు అతీంద్రియ విషయాల పరిశోధనను కూడ చేర్చుకున్న ఆ శాఖకు ఆచార్య కోనేరు రామకృష్ణారావు గారు మూలపురుషులు. పరచిత్తజ్ఞానం సంగతి పండితులు తేల్చుకోవలసినదే. పట్టణానికి కలిగిన లాభం మాత్రం, మనస్సును చదువుగా చదివిన యువతీయువకులు ఏటేటా బయటికి రావడం.

ఈలోగా పట్టణం మారిపోయింది. 1933లో రేవు తెరిచారు. 1948లో ఇక్కడి నౌకాకేంద్రంలో కట్టిన జలఉష ఓడను నెహ్రూగారు నీట దించారు. 1966 ఉద్యమం తరువాత, 1971 జనవరిలో ఇందిరాగాంధీ గారు ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. 1992లో పి.వి. నరసింహారావు గారు దానిని జాతికి అంకితం చేశారు. రేవు కూలి, నావికుడు, కొలిమి దగ్గర రాత్రి షిఫ్టు చేసే కార్మికుడు, భూమి పోగొట్టుకుని ఆ కర్మాగారంలోనే ఉద్యోగానికై వేచిన రైతు, బిలాస్‌పూరునుండో బరంపురంనుండో వచ్చిన కుటుంబం. వీరందరికీ ఒకే మాట ఉన్నది: ఇక్కడ మనవాళ్ళు ఎవరూ లేరు. పల్లెలో బెంగను కనిపెట్టే ముసలమ్మ కాలనీ క్వార్టరులో లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను పట్టణాన్ని తలక్రిందులు చేసిన రోజు, 2020 మే 7న వెంకటాపురంలో విషవాయువు ఇళ్ళలో చొరబడిన వేకువ, కళ్ళారా చూచినవారి నిద్రలోనుండి అంత తొందరగా పోవు. మాటల చికిత్సకు భాష ప్రాణం కనుక, ఈ పట్టణంలో మంచి మనోవైద్యుడు ఎవరు అనే ప్రశ్నకు జవాబు అడిగినవారి భాషనుబట్టి కూడ మారుతుంది. ఒరియాలో కలగనేవాడు ఇంగ్లీషులో దుఃఖం చెప్పుకోలేడు. శ్రీకాకుళపు యాసలో ఏడ్చే తల్లికి పుస్తకాల తెలుగు అడ్డుగోడే.

చరిత్రలో చీకటి ఘట్టాలు కూడ ఉన్నవి. 1999లో జాతీయ మానవహక్కుల సంఘం దేశంలోని 37 మానసిక ఆస్పత్రులను పరిశీలింపజేసి ప్రకటించిన నివేదికలో, పలుచోట్ల కట్టడాలు ఇంకా చెరసాలల రీతినే ఉన్నాయని తేలింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రయివేటు ఆశ్రమానికి నిప్పంటుకుని, గొలుసులతో బంధింపబడిన రోగులు కదలలేక 28 మంది మరణించారు. దర్గా నీడలో నయమవుతుందని నమ్మి బంధువులు వదలిపోయినవారే చాలమంది. తెలుగుదేశంలోనూ అటువంటి నమ్మకపు చోట్లు ఉన్నవి. కొండగట్టు ఆంజనేయస్వామి సన్నిధిలో మండలం రోజులు ఉంచితే మతి కుదురుతుందని వచ్చేవారు నేటికీ కలరు. దేవుని దగ్గరకు వెళ్ళవద్దని చెప్పే అధికారం ఎవరికీ లేదు. వెళ్ళినవారిని గొలుసుతో కట్టరాదని చెప్పే అధికారం చట్టానికి ఉన్నది.

ఆ చట్టం 2017లో వచ్చి 2018లో అమలయింది. 1912 నాటిదాన్ని తీసివేసిన 1987 చట్టం ఇంకా లోపల ఉంచే విధానం గురించే ఎక్కువగా మాట్లాడింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మొదటిసారిగా రోగి హక్కులనుండి మొదలుపెట్టింది. చికిత్స పొందడం హక్కు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి సర్కారు ఆస్పత్రులలో అది ఉచితం. చెప్పుకున్న సంగతి రహస్యంగా ఉండడం హక్కు. మత్తుమందు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా విద్యుచ్చికిత్స చేయరాదు. ఏ రూపంలోనూ గొలుసు వేయరాదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్ర వేదనలో ఉన్నవాడిగా భావించాలి గాని శిక్షించరాదు. 2024 జూలైలో అమలైన భారతీయ న్యాయ సంహితలో ఆ ప్రయత్నాన్నే నేరంగా చెప్పిన పాత సెక్షను లేనేలేదు.

వైద్యుణ్ణి వెదకేవారికి ఈ చట్టంలో ఉపయోగపడే మరొక సంగతి ఉన్నది: ఎవరు ఎవరో విడమరచి చెప్పింది. సైకియాట్రిస్టు వైద్యపట్టం పొంది మనోవైద్యంలో పై చదువు చదివిన డాక్టరు. మందు వ్రాసేది ఆయన. క్లినికల్ సైకాలజిస్టు మందు వ్రాయరు. పరీక్షలు చేస్తారు, మాటలతో చికిత్స చేస్తారు. 1992 చట్టం క్రింద ఏర్పడిన భారత పునరావాస మండలి వద్ద వారి పేరు నమోదై ఉండాలి. ఆ నమోదు చూపమని అడగడంలో అమర్యాద ఏమీ లేదు. నగలు కొనేటప్పుడు ముద్ర చూడమా? ఇక కౌన్సిలరు అనే మాట చాలకాలం ఎవరి బోర్డుమీదనైనా చేరిపోయింది. కొన్ని వారాల తరగతితో ఆ పేరు పెట్టుకున్నవారూ, ఏళ్ళ శిక్షణ పొందినవారూ ఒకే వీధిలో కనబడతారు. ఆ వృత్తిని కట్టుబాటులోకి తేవడానికి 2021లో మరొక చట్టం చేశారు. కనుక ఏమి చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు అని అడగడం రోగి పని. నిజంగా చదువుకున్నవారు ఆ ప్రశ్నకు కోపపడరు.

నమోదు చూచిన తరువాత చూడవలసినది ఆ గది. తోడు వచ్చిన భర్తనో తండ్రినో కొంతసేపు బయట కూర్చోమని వైద్యుడు అడుగుతున్నారా? ఇది నా దృష్టిలో అన్నిటికంటె మంచి పరీక్ష. మన ఇళ్ళలో జబ్బు ఒకరిది, చెప్పేవారు నలుగురు. మొదటి కలయికలోనే ఇన్ని నాళ్ళలో నయం చేస్తానని పందెం వేసే మనిషినుండి తొలగిపోవడం మంచిది. మందు ఎందుకు, ఎన్నాళ్ళు, దానివల్ల కలిగే ఇబ్బంది ఏమిటి అని అడిగితే జవాబు చెప్పే మనిషి దగ్గర నిలవడం మంచిది. నాలుగైదు కలయికల తరువాత కూడ మాట కుదరకపోతే మరొకరి దగ్గరకు వెళ్ళవచ్చును. కంటివైద్యుణ్ణి మార్చినంత సులువుగా మనోవైద్యుణ్ణి మార్చడానికి మనవారు జంకుతారు. చెప్పిన రహస్యం అక్కడ ఉండిపోయిందనే బెరుకు. చట్టం ఆ రహస్యానికి కాపలా ఉన్నదని మరచిపోరాదు.

ఎంతమంది వెదకుతున్నారు, ఎందరికి దొరుకుతున్నది? 2015, 2016 సంవత్సరాలలో నిమ్‌హాన్స్ వారు పన్నెండు రాష్ట్రాలలో జరిపిన జాతీయ పరిశీలనలో వయోజనులలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక బాధతో ఉన్నట్లు, వారిలో రోగాన్నిబట్టి నూటికి డెబ్బైనుండి తొంబై రెండు మందివరకు చికిత్స అందనివారేనని తేలింది. ఆ పన్నెండింటిలో మన రాష్ట్రం లేదు. ఉంటే అంకె మెరుగ్గా ఉండేదని అనుకోవడానికి ఆధారం కనబడదు. జిల్లా మానసికారోగ్య కార్యక్రమం 1996లో దేశంలో మొదలుపెట్టిన కొద్ది జిల్లాలలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదకు ఒకటి. 2014లో రాష్ట్రం విడిపోయి ఎర్రగడ్డ తెలంగాణకు పోగా, చినవాల్తేరు మీద బరువు మరింత పెరిగింది. సరిహద్దు దాటి ఒడిశానుండి కూడ ఆ గేటు దగ్గరకు వస్తారు. 2022 అక్టోబరు 10నుండి టెలీమానస్ అనే ఏర్పాటు క్రింద 14416 అనే సంఖ్యకు ఫోను చేస్తే శిక్షణ పొందినవారు తెలుగులో కూడ మాట్లాడి, అవసరమైతే దగ్గరి వైద్యుని దారి చెబుతున్నారు. ఎడ్లబండిలో వారాలు పట్టిన దారి అది.

పైన 1912 చట్టంలోని ఇరవైనాలుగు గంటల మాట చెప్పాను. ఆ గడువు 1987 చట్టంలోను, 2017 చట్టంలోను కూడ నిలిచి ఉన్నది. మొదటిదానిలో, తనంతట చేరిన బసదారు వెళ్ళిపోతానంటే అంతకు మించి ఉంచరాదు. రెండవదానిలో, వైద్యాధికారి ఆ గడువులోగా విడుదల చేయాలి, కాని ఇద్దరు వైద్యులు కాదంటే తొంబై రోజులవరకు ఆపవచ్చును. మూడవదానిలో అతనికి ‘స్వతంత్ర రోగి’ అని పేరు. తన నిర్ణయం తాను చేసుకోగలిగిన వయోజనుడు తానే వచ్చి చేరుతాడు, తానే వ్రాసి ఇచ్చి వెళతాడు. ప్రాణాపాయం వంటి బలమైన కారణం తోస్తే పరీక్షించి చూడడానికి మాత్రం ఇరవైనాలుగు గంటలు ఆపవచ్చును. చినవాల్తేరు ఆస్పత్రిలో ఈనాడు తన పేరు తానే చెప్పి చీటీ వ్రాయించుకునే రోగికి ఈ మూడు చట్టాల సంగతి తెలియకపోవచ్చును. ఆ వరుసలో అతని వెనుక జవాను లేడు, ఇంటినుండి వచ్చిన తోడు ఉన్నది.